పన్నెండు మీద ముల్లు

"కేసు అయిపోయింది అక్కా. చాయ్ తాగి ఇంటికి పో," అన్నాడు సీఐ భిక్షపతి.

చాయ్ సంగతి సరే, ఇంటికి పొమ్మంటేనే నాకు ఒళ్లు మండుతుంది. పోలీసు ఉద్యోగంలో జుట్టు నెరిసి, ఏఎస్సైగా రిటైరై, మహబూబ్‌నగర్‌లో ‘నర్సింగమ్మ పరిశోధనలు’ అని బోర్డు కట్టుకున్న మనిషిని. ఈ భిక్షపతి కొత్తగా ఎస్సై ట్రైనింగుకు వచ్చినప్పుడు పంచనామా ఎట్లా రాయాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నేనే. ఇప్పుడు ఆయన భుజం మీద మూడు నక్షత్రాలున్నాయి కాబట్టి నేను సారు అంటాను, ఆయన అక్కా అంటాడు. లోపల ఇద్దరం అనుకునే మాటలు వేరే.

"అయిపోయిన కేసైతే ఆ పిల్లను పొద్దుగాల్నుంచి ఎందుకు కూసోబెట్టినవు సారూ?"

"మధ్యాహ్నం లోపల అరెస్టు చూపిస్త. నిర్లక్ష్యంగ పని చేసి మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. జడ్చర్లల ఆమె షెడ్డుకు సీలు వేస్త."

జరిగింది ఇది. నిన్న కల్వకుర్తి అవతల మూతపడ్డ కంకర క్వారీలో గుట్టలెక్కే జీపుల పోటీ పెట్టారు. ఆఖరి గుట్ట సగం ఎక్కాక శివకృష్ణ జీపు పట్టు వదిలి వెనక్కి జారింది, పక్కకు ఒరిగింది, పల్టీలు కొట్టింది. శివకృష్ణ ఇక్కడే కల్వకుర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆ జీపుకు అదనపు మీటర్లు బిగించి, వైరింగు చేసింది భాగ్యశ్రీ. ఆమె తండ్రి జాషువా పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "నా బిడ్డ తప్పు చేస్తే నేనే ఒప్పుకొమ్మంట. చెయ్యలే," అన్నాడు. తండ్రులందరూ అదే అంటారు. కానీ ఆయన గొంతులో బతిమాలడం లేదు, అందుకే బయలుదేరాను.

భాగ్యశ్రీ లోపలి గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివి, నలుగురు మగవాళ్లను జీతానికి పెట్టుకుని సొంత షెడ్డు నడుపుతున్న పిల్ల. ముఖంలో ఏడుపు లేదు, కోపం ఉంది. నాకు నచ్చింది.

"శివకృష్ణ జీపుకు ఎన్ని మీటర్లు పెట్టినవు?"

"నాలుగు, ఆంటీ. ఆయన తొమ్మిది అడిగిండు. ఫోన్ల ఏదో వీడియో చూసొచ్చి టర్బోకొకటి, సైలెన్సర్ వేడికొకటి, టైర్ల గాలికొకటి అన్నడు. అన్నా, నువ్వు గుట్టెక్కుతవా, మీటర్లు చూస్కుంట కూసుంటవా అని అడిగిన."

"మరి నాలుగే ఎట్ల తేల్చినవు?"

"ఏది చెడితే బండి ఆగిపోతదో, ఏది చెడితే మనిషి పోతడో గవే పెట్టాలె. ఇంజన్ నీళ్ల వేడికొకటి. ఇంజన్ ఆయిల్ ప్రెజరుకొకటి. బ్యాటరీకొకటి, బురదల దిగబడితే జీపును గుంజే మోటారు దాని మీదనే నడుస్తది. నాలుగోది గేర్‌బాక్సు ఆయిల్ వేడికి. అన్నిట్ల అదే ముఖ్యం. ఆయన ఆటోమేటిక్ గేర్‌బాక్సు వేయించుకున్నడు. రాళ్ల మీద మెల్లగ పాకుతుంటే ఇంజన్ సల్లగనే ఉంటది గని గేర్‌బాక్సుల ఆయిల్ మసులుతది. జీపుతోటి వచ్చిన మీటర్లల్ల అది కనబడనే కనబడది."

"మసిలితే ఏమైతది?"

"నురగొస్తది. గేరు పట్టు ఇడుస్తది. యాక్సిలరేటర్ తొక్కుతనే ఉంటం, ఇంజన్ అరుస్తనే ఉంటది, చక్రం మాత్రం తిరగది. అందుకే ఆ ఆయిల్‌ను సల్లార్చనీకి వేరే కూలర్, దానికొక ఫ్యాను కూడ పెట్టిన."

"అంకెలు వెలిగే మీటర్లు పెట్టొచ్చు గదా? అవి కొత్త రకం."

"ఎండల అంకెలు కనబడయి. ముల్లైతే ఓరకంటికి అందుతది." అని నా కళ్లలోకి చూసింది. "ఆంటీ, శివన్న నోరు తెరిస్తే చాలు. నా పనిల తప్పున్నదో లేదో ఆయనే చెప్తడు. గప్పటిదాకన్న షెడ్డుకు సీలు వెయ్యొద్దని చెప్పుర్రి."

బయటికి వచ్చేసరికి భిక్షపతి తన ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పోటీ పెట్టినవాళ్లు వాకీటాకీ మాటలన్నీ రికార్డు చేశారట. ఒక చోట ఆపి ఉంచినదాన్ని నాకు వినిపించాడు. ఇంజను హోరు మధ్య శివకృష్ణ గొంతు: "పన్నెండు మీదనే ఉన్నది. ఎక్కుతున్న."

"విన్నవా? ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీటరు పద్నాలుగు దాకా చూపియ్యాలె. పన్నెండంటే ఛార్జింగ్ అందుతలేదన్నట్టు. వైరింగు చేసిందెవరు? భాగ్యశ్రీ. కరెంటు సరిపోక ఫ్యాను ఆగింది, ఆయిల్ కాగింది, జీపు జారింది. ఇంకేం కావాలె?"

నిజం చెప్పొద్దూ, నాకు అసూయ కలిగింది. నేను నేర్పిన పిల్లగాడు ఇంత చక్కగా గొలుసు అల్లుతాడని అనుకోలేదు. కానీ ఆ గొలుసులో ఒక్క లంకె నా చెవికి సరిగ్గా మోగలేదు.

"సారూ, బ్యాటరీ తక్కువైనోడు ఏమంటడు? ‘పన్నెండే ఉన్నది’ అంటడు. ఈయన ‘పన్నెండు మీదనే ఉన్నది’ అంటుండు. నీ జీతం ముప్పై వేలే అనుడు వేరు, నువ్వు కుర్చీ మీదనే ఉన్నవనుడు వేరు."

"అక్కా, ఇది తెలుగు పరీక్ష కాదు."

"తెలుగుల మాట్లాడినోని కేసు గదా సారూ. క్వారీకి పోదాం పా."

తప్పదని తెలిసి వచ్చాడు. ఆమె చేత తప్పు ఒప్పించేది ఏదైనా దొరుకుతుందేమోనని భాగ్యశ్రీని కూడా వెనక జీపులో ఎక్కించాడు, పక్కన ఒక మహిళా కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టాడు. క్వారీలో దింపలేదు. "నిందితురాలిని సాక్ష్యం దగ్గరికి రానియ్య," అన్నాడు.

గుట్ట కింద నుజ్జయిన జీపును చక్రాల మీద నిలబెట్టి చుట్టూ తాడు కట్టి ఉంచారు. అక్కడ భిక్షపతి పిలిపించిన గోపికృష్ణ మాకోసం ఎదురుచూస్తున్నాడు. శివకృష్ణ చిన్నాయన కొడుకు. పోటీలో పక్క సీటులో కూర్చుని దారి చెప్పేది ఇతనే. దవాఖానలో జాగారం చేసిన కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"జీపు పడ్డప్పుడు నువ్వు అందుల లేవంట గదా బిడ్డా?"

"ఆఖరి గుట్ట కాడ పక్క సీట్లున్నోడు దిగాల్నమ్మా. ముంగట నిలవడి చక్రం ఏడికి పోతాంది, రాయి ఏడున్నది అని వాకీటాకీల చెప్పాలె. అందరు గట్లనే చేస్తరు."

"పోటీకి ముందు జీపు ఎక్కడ పెట్టిర్రు?"

"మా వాకిట్లనే. అన్నోళ్ల ఇల్లు గల్లీ సన్నగుంటది, పట్టది."

"మీటర్లల్ల ఏమన్న తేడా కనబడ్డదా?"

"మీటర్ల ముచ్చట నాకు తెల్వదమ్మా. గవి అన్ననే చూస్కుంటడు. నేను రాయి చూస్త, గుంత చూస్త."

"వచ్చే నెల రాజస్థాన్‌ల ఇంకా పెద్ద పోటీ ఉన్నదంట గదా, దానికి ఎవరు పోతరు మరి?"

తల దించుకున్నాడు. "రెండో డ్రైవర్ని నేనే గదా. అన్న లేవకుంటే నేనే పోవాలె. గా సీట్ల ఎట్ల కూసోవాల్నో ఏందో."

నాకు జాలేసింది. వీపు తట్టి, వంగి జీపు కిందికి దూరాను. నా మోకాళ్లు దానికి ఒప్పుకోలేదు, అయినా దూరాను.

గేర్‌బాక్సు ఆయిల్ కూలర్ ముందు భాగంలో ఉంది. దాని ఫ్యాను నుంచి వచ్చే వైరు ఊడి వేలాడుతోంది. రెండు వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ విడిపోయి ఉంది. భిక్షపతి పైనుంచి చూసి, "పల్టీలల్ల ఊడింది," అన్నాడు.

నేను కప్లర్‌ను వెలుతురులోకి తిప్పాను. దాన్ని పట్టి ఉంచే కొక్కెం విరగలేదు, పగలలేదు. వేలితో నొక్కి తీసినట్టే ఉంది. లోపల పిన్నుల చుట్టూ ఎర్రటి బురద ఎండి గట్టిపడి ఉంది.

"సారూ, ఇక్కడంతా తెల్లటి కంకర పొడి. ఎర్ర బురద ఎక్కడున్నది?"

"మొదట్ల. జీపులన్ని బురద గుంతల దిగి రావాలె. పోటీ అక్కడనే మొదలైంది."

"అయితే ఈ కప్లర్ ఆ గుంత దాటేటప్పటికే ఊడి ఉన్నది. పల్టీ కొట్టినంక ఊడితే లోపలికి గుంత బురద ఎట్ల వస్తది?"

ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోయి మళ్లీ వెలిగింది. "అంటే ఆమె సరిగ పెట్టనే పెట్టలే. నిర్లక్ష్యం ఇంకా గట్టిగైంది. థాంక్స్ అక్కా."

నాకు ఆ క్షణంలో ఆయన్ని మళ్లీ ట్రైనింగుకు పంపాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. శివకృష్ణ భార్య పుష్ప. మాట్లాడుతూనే భిక్షపతి మా అందరికీ వినపడేలా అరిచినంత పని చేశాడు. "శివకృష్ణ కండ్లు తెరిచిండంట. మాట ఇంకా రాలే గని మనుషుల్ని గుర్తుపడుతుండంట."

గోపికృష్ణ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు వణికాయి.

"నేను అన్న కాడికి పోత సార్," అన్నాడు.

"పో బిడ్డా, జల్ది పో," అన్నాను నేనే. బండి స్టార్టు చేసుకుని దుమ్ము లేపుకుంటూ వెళ్లాడు.

నేను పగిలిన అద్దం గుండా జీపులోకి తల పెట్టాను. స్టీరింగు వెనక నల్లటి రేకు మీద నాలుగు గుండ్రటి మీటర్లు. ఒక్కటి కూడా పగలలేదు. కానీ చూడగానే నవ్వొచ్చింది. మూడు మీటర్లు వంకరగా ఉన్నాయి. ఒకదానిలో అంకెలు ఎడమకు ఒరిగాయి, ఇంకోదానిలో కుడికి. నాలుగోది మాత్రం నిటారుగా, గోడ గడియారంలా బుద్ధిగా ఉంది.

"చూసినవా పనితనం," అన్నాడు భిక్షపతి. "ఇంజనీరంట. నాలుగు మీటర్లల్ల ఒక్కటే సక్కగ బిగించింది."

ఆయన మాట సబబుగానే ఉంది. కానీ భాగ్యశ్రీ కూర్చున్న తీరు, మాట తీరు నాకు గుర్తొచ్చాయి. ఆ పిల్ల గోడకు మేకు కొట్టినా వంకర పోదు.

"ఆమెను దింపు సారూ."

"దింప."

"సాక్ష్యాన్ని ముట్టదు. దూరం నుంచి చూస్తది. నిందితురాలి ఎదుట చూపెట్టి పంచనామా రాస్తే కోర్టుల నీకే బలం. నేను నేర్పింది మర్చిపోయినవా?"

తనకు లాభం అనగానే దింపాడు. భాగ్యశ్రీ వచ్చింది, అద్దం గుండా వంగి చూసింది. అట్లాగే ఉండిపోయింది.  తర్వాత వేలు చాపి, నిటారుగా ఉన్న ఆ ఒక్క మీటరునే చూపించింది.

"దీన్నెవరు సక్కగ చేసిర్రు?"

భిక్షపతి పగలబడి నవ్వాడు. "సక్కగ చేస్తే తప్పా?"

"తప్పే సార్. ఇది గేర్‌బాక్సు మీటరు. నేను దీన్ని కుడికి బాగ వంచి బిగించిన. అన్నీ వంచే బిగిస్త. కావాల్ననే."

"ఎందుకు?"

"గుట్ట ఎక్కేటోనికి అంకెలు సదివే టైం ఉండది. ఏ ముల్లు ఎంత మీదుంటే మంచిదో యాదికి పెట్టుకోవుడు కష్టం. అందుకే ఒక్కో మీటరును తిప్పుత. అంతా మంచిగున్నప్పుడు ముల్లు నిట్టనిలువు నిలవడాలె, గడియారంల పన్నెండు మీద ఉన్నట్టు. అంకెలు వంకరైనా ఫికర్ లేదు. నాలుగు ముండ్లు పన్నెండు మీదుంటే పో. ఏదన్న ఒరిగితే ఆగు. శివన్నకు గంతే నేర్పిన."

 పన్నెండు మీదనే ఉన్నది. బ్యాటరీ కాదు, వోల్టులు కాదు. ఆ మనిషి అంతా బాగుందని చెప్పి ఎక్కాడు. నేను భిక్షపతి వైపు చూశాను. ఆయన నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

"ఈ మీటరు సక్కగ అయితే ఏమైతది బిడ్డా?" అని అడిగాను.

"ఆయిల్ తొంభై డిగ్రీలుంటే మంచిది. నేను వంచి పెట్టినప్పుడు తొంభై దగ్గర ముల్లు నిలవడుతుండె. ఇప్పుడు చూడుర్రి, నడిమి పైన ఏ అంకె ఉన్నది?"

చూశాను. నూట ముప్పై.

"తొంభై అయినప్పుడు ముల్లు ఎడమకు ఒరిగి ఉంటది. ఆయిల్ ఇంకా సల్లగనే ఉన్నదనుకుంటడు. నూటముప్పై అయినంక ముల్లు నిలవడ్డది. అప్పుడు మంచిగున్నదని..." మాట ఆగిపోయింది. పొద్దుటి నుంచి కోపంతో నెట్టుకొచ్చిన పిల్ల, అక్కడ ఆ తుక్కు జీపు తలుపు పట్టుకుని ఏడ్చింది. "నేను నేర్పిందే ఆయనను పడేసింది ఆంటీ."

భిక్షపతి లోపలికి దూరాడు. రేకు వెనక్కి టార్చి వేసి చాలాసేపు చూశాడు. పోలీసోడిగా ఆయన్ని నేను పూర్తిగా తీసిపారేయలేనిది ఇందుకే. నచ్చని నిజమైనా చేత్తో పట్టుకుని చూస్తాడు. "వెనక రబ్బరు మీద పాత నొక్కు ఒక జాగల ఉన్నది, బిగింపు ఇంకో జాగల ఉన్నది," అన్నాడు బయటికి వస్తూ. "ఎవరో నట్టు వదులు చేసి మీటరు తిప్పి మళ్ల బిగించిర్రు. ఫ్యాను పీకినోడు, ఆ వేడి కనబడకుండ ముల్లును కూడ సర్దిండు. కరెక్టే అక్కా. ఇది నిర్లక్ష్యం కాదు."

గెలిచాననుకున్నాను. నా సంతోషం ఆయన తర్వాతి మాట దాకే నిలిచింది.

"ఇది హత్యాయత్నం. ఇప్పుడు నువ్వే చెప్పు. ముల్లు నిలువుగ ఉండాలన్న ముచ్చట తెల్వనోడు ఈ మీటరును ముట్టడు. ముట్టినా ఏం తిప్పాల్నో తెల్వది. తెలిసినోళ్లు ఎందరు?" భాగ్యశ్రీ వైపు తిరిగాడు. "ఎవరెవరికి చెప్పినవు?"

"శివన్నకే. షెడ్డుల ఇద్దరమే ఉన్నం," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ, అబద్ధం ఆడాలని కూడా తోచకుండా.

"నడిపినాయన తనను తాను పడేసుకోడు. ఇగ మిగిలింది బిగించినామె." కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. పొద్దుట జరిమానాతోనో, బెయిలుతోనో పోయే కేసు. నేను తవ్వి తవ్వి దాన్ని ఏళ్ల జైలు చేసి పెట్టాను. జాషువాకు ఏం ముఖం చూపించాలి? కానిస్టేబుల్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. భాగ్యశ్రీ నా వైపు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"ఆగు సారూ. ఆ రికార్డు మళ్ల పెట్టు. మొదటికెల్లి."

"మొదట్ల ఏముంటది అక్కా, ఇంజన్ సప్పుడు. మా స్టేషన్ రైటర్ పనికొచ్చే కాడికి తెచ్చి పెట్టిండు."

"నువ్వు కూడ వినలేదన్నమాట."

 ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేసి, రికార్డును వెనక్కి జరిపాను. గరగర. గాలి. ఇంజను హోరు. అప్పుడు ఇంకో గొంతు, దగ్గరగా, నిదానంగా:

"అన్నా, ముల్లు నిలవడ్డదా?"

కొంచెం ఆగి శివకృష్ణ: "పన్నెండు మీదనే ఉన్నది. ఎక్కుతున్న."

 గంట క్రితం ఇదే గొంతు మీటర్ల ముచ్చట తనకు తెలియదని మాకు చెప్పింది. ముల్లు నిలబడిందా అని అడిగింది అన్న క్షేమం కోరి కాదు. ఆయిల్ నూట ముప్పైకి మసిలేదాకా ఆగి, అప్పుడు గుట్ట ఎక్కనిచ్చాడు. అన్న తాను నేర్చుకున్నది తమ్ముడికి గొప్పగా చెప్పుకుని ఉంటాడు, అంతే. దీనికి షెడ్డులో ఉండాల్సిన పని లేదు.

"గోపికృష్ణ," అన్నాడు భిక్షపతి. కానిస్టేబుల్ భాగ్యశ్రీ చెయ్యి వదిలేసింది.

జల్ది పో అని పంపింది నేనే.  భిక్షపతి ఫోనులోనే పుష్ప నంబరు కొట్టాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"పుష్పా, నేను నర్సింగమ్మను, సీఐ సారు కాడికెల్లి మాట్లాడుతున్న. గోపికృష్ణ వచ్చిండా?"

"వచ్చిండు, పోయిండు కూడ అమ్మా. ఈడ దవాఖానల ఉంటే లాభం లేదు, హైదరాబాద్ తీస్కపోత అని డాక్టర్లతోటి కొట్లాడిండు. అంబులెన్సు కూడ తనే మాట్లాడి తెచ్చిండు. ఇప్పుడే ఎల్లిర్రు. నేను బట్టలు సర్దుకొని వెనక కార్ల వస్తున్న."

"అంబులెన్సుల ఆయన పక్కన ఎవరున్నరు?"

"గోపి ఒక్కడే. నర్సు వద్దన్నడు, నేనే చూస్కుంటనన్నడు."

భిక్షపతి అప్పటికే జీపు వైపు పరుగు తీశాడు. భాగ్యశ్రీని ఎవరూ రమ్మనలేదు, ఆమె మా ఇద్దరికంటే ముందు ఎక్కింది.

"పుష్పా, శివకృష్ణ ఏమన్న చెప్పిండా? గోపిని చూసి ఏమన్న చేసిండా?"

"మాట ఏడొస్తదమ్మా, నోట్ల పైపుండె. గోపి రాంగనే ఈయన నా కొంగు పట్టుకున్నడు. ఎంత చెప్పినా ఇడువలే. నొప్పి లేస్తున్నదేమో అనుకున్న." మళ్లీ తనే అంది. "గోపినే ఒక్కొక్క ఏలు ఇప్పి ఇడిపించిండు."